హద్దుకి ఇవతల మంచం

అక్టోబర్ 28, మంగళవారం

ఈ రోజు హద్దు నడిచాం. కాళ్లు పీకుతున్నాయి. బూట్ల నిండా బురద, బుర్ర నిండా అంతకంటే ఎక్కువ బురద. రాసుకుంటే కాస్త తేరుకుంటుందేమోనని రాస్తున్నాను.

ఏడేళ్లకోసారి రెండూళ్ల పాలన చూసే బోర్డువాళ్లూ కలిసి హద్దు పొడుగునా నడిచి, రాళ్లకి ఎర్రరంగు వేయాలని రాష్ట్రం చట్టం. మా హెబ్డెన్ తరఫున నేనూ, డ్వైటూ. అవతలి లూమిస్ తరఫున రోలండ్ గన్యోన్. డ్వైట్ ఎప్పటిలాగే చట్టం పుస్తకం సంచీలో పెట్టుకొచ్చాడు. రోలండ్ ఎప్పటిలాగే నవ్వు మొహంతో వచ్చాడు.

ఎప్పటిలా లేనిది ఒక్కటే. దొడ్డి వెనక రాయి దాటి మా ఇంటి వెనక గుమ్మం దాకా వచ్చేసరికి ముగ్గురం ఆగిపోయాం. ప్రతిసారీ అక్కడ మా ఆయన ఓరిన్ డోనట్ల పళ్లెం పట్టుకుని నిలబడేవాడు. ఇళ్ల కప్పులు వేసే మనిషి, వంటింటి వైపు తొంగి చూసే రకం కాదు. హద్దు నడిచే రోజు మాత్రం తెల్లవారకుండానే లేచి, ఆపిల్ రసం పోసి సైడర్ డోనట్లు వేయించేవాడు. "ముందు తినండయ్యా, హద్దు ఎక్కడికీ పారిపోదు" అనేవాడు. అందరం వెనక గుమ్మంలోంచి వచ్చి, తిని, కాఫీ తాగి, ముందు గుమ్మంలోంచి బయటపడి, రోడ్డు పక్క రాయి దగ్గర మళ్లీ నడక మొదలుపెట్టేవాళ్లం. నేను బోర్డులో ఉన్నన్నాళ్లూ అంతే.

ఈసారి డోనట్ల సంగతి నాకు గుర్తే లేదు. అబద్ధం. గుర్తుంది. చేయాలనిపించలేదు.

రోలండ్ గుమ్మం వంక చూసి టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. తినడానికేమీ లేదు కాబట్టి డ్వైట్ తాడు బయటికి తీశాడు. "ఈ రాయి నుంచి రోడ్డు రాయి దాకా తిన్నగా కడదాం. ఇక్కడ ఎప్పుడూ కట్టినట్టు లేదు" అన్నాడు.

కట్టారు. వెనక నుంచి వచ్చిన తాడు మా వంటింటి పక్క గోడకి తగిలి ఆగింది. రోడ్డు వైపు నుంచి కట్టిన తాడు ముందు వసారాకి తగిలి ఆగింది. మధ్యలో ఉన్నది మా ఇల్లు.

ఇంతకాలం హద్దు మా కట్టెల కొట్టం అవతల నుంచి పోతుందనే అనుకున్నాం. ఆ మాట మొదట ఎవరన్నారో ఎవరికీ తెలియదు. అక్కడికొచ్చేసరికి అందరి నోళ్లలోనూ డోనట్లే కదా.

"అయితే మీ వంటిల్లు మా ఊరిదమ్మా. ఇన్నాళ్లూ మా ఊళ్లో కూర్చునే కాఫీ తాగానన్నమాట" అన్నాడు రోలండ్.

డ్వైట్ నవ్వలేదు. "నవ్వే విషయం కాదిది. వెర్నా గారు ఏ ఊరివారో ముందు తేలాలి" అన్నాడు.

నేను ఏ ఊరిదాన్నో తేలాలట. ముప్పై ఏళ్ల బట్టి హెబ్డెన్ బోర్డులో ఉన్నదాన్ని.

సోఫా మీదే పడుకుంటున్నాను, వంటింటి పొయ్యి పక్కన. నడిచి నడిచి వచ్చిన కాళ్లకి వెచ్చదనం మంచిది.

అక్టోబర్ 29

పొద్దున్నే రోలండ్ ఫోన్ చేశాడు. "మీ టక్కర్ పడుకునేది వంటింట్లోనే కదమ్మా. అయితే వాడికి మా ఊరి లైసెన్సు ఉండాలి. ఇన్నేళ్లూ దొంగ కుక్క అన్నమాట" అన్నాడు. పగలబడి నవ్వాను. ఫోన్ పెట్టేశాక నవ్వు ఆగిపోయింది. టక్కర్ పడుకునేది నా కాళ్ల దగ్గర.

నవంబర్ 4, మంగళవారం

బోర్డు సమావేశం. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు సంగతి అయ్యాక డ్వైట్ గొంతు సవరించుకున్నాడు. అతను గొంతు సవరించుకుంటే ఎవరికో మూడిందని నాకు తెలుసు. ఆ ఎవరో నేనవడం ఇదే మొదటిసారి.

"నాకు వెర్నా గారి మీద కోపం ఏమీ లేదు. కానీ ఊరి ఓటరు కానివాళ్లు ఊరి బోర్డులో ఉండకూడదు. రేపు మనం చేసిన సంతకాలు చెల్లవని ఎవరైనా కోర్టుకెక్కితే ఎవరిది పూచీ?"

"ముప్పై ఏళ్లుగా చెల్లిన సంతకం ఇవాళ్టికి పాడైపోయిందా?" అన్నాను.

"సంతకం పాడవలేదండీ. హద్దు బయటపడింది."

బోర్డులో మూడోవాడు మెర్ల్ నా వైపు జాలిగా చూశాడు. అతను చూడటం తప్ప ఇంకేమీ చేయడు.

ఇల్లు రెండూళ్లలో పడితే ఆ ఇంటి మనిషి మంచం ఉన్న ఊరివాడు. పుస్తకంలో ఉన్న మాట కాదు, మా వైపు తాతల నాటి నుంచీ చూసే లెక్క. పొయ్యి ఎక్కడున్నా, తపాలా పెట్టె ఎక్కడున్నా పరవాలేదు. మంచం ఎక్కడుందన్నదే మాట. తేల్చేది ఓటర్ల జాబితా చూసే ముగ్గురు పెద్దలు. వాళ్లలో పెద్ద మా యూనిస్. నాతో బడికి నడిచొచ్చిన యూనిస్, నా పెళ్లి గౌను కుట్టిన యూనిస్. డ్వైట్ ఫిర్యాదు ఆవిడ చేతికే ఇచ్చాడు.

నా మంచం ఉత్తరపు గదిలో ఉంది. ఏ అనుమానమూ లేదు. ఉంది.

నవంబర్ 12

బుర్ర తిరిగిపోయింది. ఊళ్లోకి కొత్తగా వచ్చినవాళ్లకి ఏది ఊరిదో, ఏది కౌంటీదో, ఏది రాష్ట్రానిదో విడమరిచి చెప్పేది నేనే. రోడ్డుకి నంబరుంటే దాని మీది గుంట పూడ్చేది రాష్ట్రం, పేరుంటే ఊరు అని వేళ్ల మీద చెప్పేదాన్ని. ఇవాళ నా వంటిల్లు ఎవరిదో నాకు తెలియక ఫోన్ పట్టుకుని కూర్చున్నాను.

ముందు కౌంటీకి చేశాను. ఎవరో అమ్మాయి, మర్యాదగానే మాట్లాడింది.

"మా చేతిలో కోర్టు, జైలు, భూముల దస్తావేజులు, వృద్ధుల ఆశ్రమం ఉన్నాయండీ. మీరేమైనా నేరం చేశారా?"

లేదన్నాను.

"ఇల్లు అమ్ముతున్నారా?"

లేదు.

"మంచాన పడి ఉన్నారా?"

"మంచం సంగతే అడుగుతున్నానమ్మా" అన్నాను. మాతో పని లేదండీ, రాజధానికి చేయండి అంది.

రాజధానికి చేశాను. అక్కడొకాయన ఎత్తాడు. అంతా ఓపిగ్గా విన్నాడు.

"చట్టం మేం చేస్తామండీ. కానీ ఒక మనిషి ఏ ఊరివాడో తేల్చాల్సింది ఆ ఊరి జాబితా పెద్దలే."

"ఏ ఊరి?"

"మీ ఊరి."

"అదే కదయ్యా తేలనిది."

"అయితే ముందు అది తేల్చుకుని చేయండి" అన్నాడు. అతను వేళాకోళం ఆడలేదు. నిజంగానే అన్నాడు.

నవంబర్ 13

సోఫా. ఉత్తరపు గదిలో చలి. పొయ్యిలో కట్టెలు చూసుకోవాలి కదా.

నవంబర్ 21, శుక్రవారం

యూనిస్, డ్వైట్, రోలండ్ ముగ్గురూ వచ్చి ఇంటి లోపల తాడు కట్టారు. కిటికీలు తెరిచి, వంటింట్లోంచి నడవాలోకి, నడవాలోంచి ఉత్తరపు గది మూలకి. మొత్తానికి ఇల్లంతా సాలెగూడు చేశారు.

వంటిల్లు లూమిస్‌లో. దాని పక్కన దక్షిణపు గది కూడా లూమిస్‌లోనే. ముందు గది చాలావరకు హెబ్డెన్‌లో. ఉత్తరపు గదిలో ఒక మూల, వెచ్చగా ఉండే గోడ వైపు, లూమిస్‌లోకి పోయింది. మంచం మాత్రం అవతల కిటికీ కింద, హెబ్డెన్‌లో. తాడుకీ మంచం కోడుకీ మధ్య జానెడు సందు.

నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"ఇంత పెద్ద గదిలో మంచం తీసుకెళ్లి ఆ కిటికీ కింద ఎందుకు వేశారండీ? చలిగాలి నెత్తి మీదికే కొడుతుంది" అన్నాడు డ్వైట్.

"ఓరిన్‌ని అడగాలి" అన్నాను.

అడగని రోజు లేదు. మొదట్లో మేం దక్షిణపు గదిలో పడుకునేవాళ్లం. వంటింటి పొయ్యి వెచ్చదనం గోడలోంచి వచ్చేది. ఒకసారి మా చెల్లెలి ఊరెళ్లి వచ్చేసరికి మంచం ఉత్తరపు గదిలో కిటికీ కింద ఉంది. ఎందుకని అడిగితే నాకు గాలి కావాలన్నాడు. ఆ శీతాకాలమే నేను మొదటిసారి బోర్డుకి నిలబడ్డాను. ఆ హడావుడిలో పోట్లాడే తీరిక లేకపోయింది. తరవాత తీరిక దొరికింది, ప్రతి శీతాకాలం పోట్లాడాను. కనీసం ఆ వెచ్చటి గోడ పక్కకైనా జరపమన్నాను. జరపలేదు. పైగా ఆయనకే చలి ఎక్కువ. ఉన్నిటోపీ పెట్టుకుని, రెండు జతల మేజోళ్లు వేసుకుని పడుకునేవాడు. మరి గాలి ఎందుకో నాకు ఈనాటికీ అర్థం కాదు.

డ్వైట్ తాడు సరిచేస్తూ ఆ మూల జంపఖానా ఎత్తబోయాడు.

"అది ఎత్తకండి. కింద చెక్కలు పెచ్చులు లేచాయి, చేతికి గుచ్చుకుంటాయి" అన్నాను. ఓరిన్ ఎప్పుడూ అనే మాటే, నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. డ్వైట్ వదిలేశాడు.

రోలండ్ చేతులు దులుపుకుని, "ఇంకేం, మంచం మీ ఊళ్లోనే ఉంది. వంటిల్లు మాకిచ్చేసి హాయిగా ఉండండమ్మా. కాఫీకి మా ఊరు రావొచ్చు, పాస్‌పోర్టు అడగం" అన్నాడు.

యూనిస్ అతని మాటలు వినడం లేదు. మంచం మీద పరిచిన దుప్పటి చూస్తోంది. దుప్పటి మీద ముడతలు లేవు, పక్క బల్ల మీద ఓరిన్ కళ్లద్దాలు ఉన్నాయి, వాటి మీద దుమ్ము ఉంది. వెళ్లేటప్పుడు వంటింట్లో ఆగింది.

"ఈ సోఫా మీద దిండు కుక్కకా?" అంది.

"ఆ. కుక్కకే" అన్నాను.

అంత తెల్లగా ఉతికిన దిండు గలీబు కుక్కకెవరు వేస్తారు.

నవంబర్ 27

థాంక్స్‌గివింగ్ పండగ. యూనిస్ వాళ్లింటికి పిలిచింది. జలుబని చెప్పాను. తరవాత నిజంగానే జలుబు చేసింది.

డిసెంబర్ 9

గొట్టంలో నీళ్లు గడ్డకట్టి, గొట్టం పగిలింది. గార్డన్‌ని పిలిచాను. వాడు ప్లంబరు, రాష్ట్ర శాసనసభలో మా ప్రాంతం సభ్యుడు కూడా. ఆ పదవికి జీతం లేదనే చెప్పాలి, అందుకే గొట్టాల పని మానలేదు. చిన్నప్పుడు మా ఇంట్లోనే తిరిగేవాడు. సింకు కింద దూరి, కాళ్లు మాత్రం బయట పెట్టి మాట్లాడాడు.

"హద్దు జరపడం ఊళ్ల వల్ల కాదక్కా. కౌంటీ వల్లా కాదు. రాజధానిలో బిల్లు పెట్టాలి. నేను పెడతాను, దానికేముంది. ఎందుకు జరపాలని కమిటీ అడుగుతుంది. వెర్నక్క మంచం కోసం అంటాను. సభలో నాలుగు వందల మందిమి ఉన్నాం. అందరూ నవ్వుతారు. ఆనక ఒకడు లేచి వాళ్ల అత్తగారి మంచం సంగతి ఎత్తుతాడు."

"ఊరు కుక్కల గొలుసు నియమం పెట్టుకోవాలన్నా మిమ్మల్ని అడగాలి. నా సంగతి మాత్రం మీకు పట్టదు."

"ఊరికి ఏ అధికారమైనా మేం ఇస్తేనే ఉంటుంది, నిజమే. కానీ ఎవరు ఎక్కడ పడుకుంటున్నారో మాకెలా తెలుస్తుంది చెప్పు. అది ఊరికే తెలుస్తుంది." సింకు కింద ఏదో మోగింది. "అయినా నీకు బెంగ దేనికి? మంచం మన ఊళ్లోనే ఉందన్నారుగా."

"ఉంది."

"అందులో పడుకుంటున్నావుగా."

రెంచి అందించాను. వాడు అడిగింది రెంచి కాదు.

డిసెంబర్ 10

ఏప్రిల్‌లో ఓరిన్ పోయిన రోజు చుట్టాలందరూ వచ్చారు, గదులు చాలక నేను సోఫా మీద పడుకున్నాను. అలా మొదలైంది. వాళ్లు వెళ్లాక వానలు. తరవాత నడుం నొప్పి. ఎండాకాలంలో ఉక్క. ఒక్కటీ కల్పించింది కాదు. అన్నీ నిజమైన కారణాలే.

డిసెంబర్ 25

ఏమీ లేదు.

జనవరి 6

విచారణ పదిహేడున. యూనిస్ స్వయంగా వచ్చి చెప్పింది, కోటు కూడా విప్పలేదు.

"ఏమే, ఆ రోజు నేను నీ స్నేహితురాలిని కాను. అడగాల్సినవి అడుగుతాను."

"అడుగు. నా దగ్గర దాచుకోవడానికేముంది?"

సోఫా వైపు చూసింది. దిండు లేదక్కడ. పొద్దున్నే లేచి బీరువాలో పెట్టేస్తున్నాను ఇప్పుడు.

వెళ్తూ వెళ్తూ, "బోర్డు పోతే పోయిందిలే, ప్రాణం పోదుగా" అంది. దానికేం తెలుసు. మంగళవారం బోర్డు గది ఒక్కటే నన్ను పేరు పెట్టి పిలిచే చోటు. మిగతా రోజుల్లో నన్ను పిలిచే మనిషే లేడు. మెర్ల్ జాలి చూపు కూడా లేకపోతే నేను వారానికి ఏ రోజు జుట్టు దువ్వుకోవాలి?

జనవరి 16

సాధన చేశాను. "నా మంచం ఉత్తరపు గదిలో ఉంది." ఇది అబద్ధం కాదు. "ముప్పై ఏళ్లుగా అక్కడే ఉంది." ఇదీ అబద్ధం కాదు. అంతకు మించి మాట్లాడను.

జనవరి 17, శనివారం

టౌన్ హాల్లో హీటరు సగమే పనిచేస్తోంది. జనం ఎక్కువే వచ్చారు, శనివారం ఇంకేం పని ఉంది వీళ్లకి. యూనిస్ మధ్యలో, అటొకరు ఇటొకరు. డ్వైట్ ముందు వరసలో, పుస్తకం ఒళ్లో. రోలండ్ అవతలి ఊరివాడైనా వచ్చి వెనక కూర్చున్నాడు.

డ్వైట్ చెప్పాల్సింది చెప్పాడు. కొలతలు చదివాడు. మంచం హెబ్డెన్‌లోనే ఉందని తనే ఒప్పుకున్నాడు. అంతటితో అయిపోయిందనుకుని బ్యాగు చేతిలోకి తీసుకున్నాను.

"వెర్నా పెటెంగిల్ గారూ" అంది యూనిస్. దాని నోట గారూ వినడం నాకిదే మొదలు. "ఆ మంచం మీదేనా?"

"నాదే. ముప్పై ఏళ్లుగా అక్కడే ఉంది."

"మీరు పడుకునేది దాని మీదేనా?"

సాధన చేసిన మాట నాలుక చివరే ఉంది. నా మంచం ఉత్తరపు గదిలో ఉంది. అదే అనాలి. దుమ్ము పట్టిన ఆ కళ్లద్దాలు గుర్తొచ్చాయి. అందరూ ఎదురుచూస్తున్నారు, ఎవరో దగ్గారు.

"కాదు. ఏప్రిల్ నుంచీ వంటింట్లో పడుకుంటున్నాను. సోఫా మీద."

డ్వైట్ తల దించుకున్నాడు. గెలిచినవాడిలా లేడు. నాకు ఒళ్లు మండిపోయింది, ఎవరి మీదో తెలియలేదు. అన్నీ వదిలేసి వెళ్లిపోవాలనిపించింది. డ్వైటే చేయి ఎత్తాడు.

"చట్టంలో ఇంకో మాట కూడా ఉందండీ. చదవొచ్చా?" అని లేచి నిలబడ్డాడు. మనిషి కొన్నాళ్లు ఇంకోచోట ఉన్నా, తిరిగి వచ్చే ఉద్దేశం ఉంటే ఊరు మారినట్టు కాదట. చదివి కూర్చున్నాడు. నా మొహం చూడలేదు.

యూనిస్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. ఈసారి గారూ అనలేదు.

"వెర్నా, ఆ గదిలోకి మళ్లీ వెళ్లే ఉద్దేశం ఉందా?"

ఇది ఏ చట్టంలో ప్రశ్న? తొమ్మిది నెలలుగా నన్ను నేను అడగకుండా తప్పించుకు తిరుగుతున్న ప్రశ్నని ఊరంతా కూర్చుని అడుగుతుందా? ఆలోచించుకుని చెప్తానన్నాను.

"ఇప్పుడే చెప్పాలే" అంది మెల్లిగా.

"ఉంది" అన్నాను.

ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు. నా పేరు జాబితాలో ఉంచారు. జనం చప్పట్లు కొట్టబోయి, కొట్టాలో వద్దో తెలియక మానేశారు.

ఉంది అన్నాను. ఉందా?

జనవరి 18

దుప్పట్లు ఉతకాలి. ఉతక్కుండా ఎలా పడుకోవడం.

జనవరి 20

ఉతికాను. ఆరలేదు.

జనవరి 22

ఆరాయి. సోఫా.

జనవరి 24

డ్వైట్ వచ్చాడు. పార తీసుకుని మా గుమ్మం ముందు మంచు తనే ఎత్తేశాడు, అడగలేదు. తరవాత గుమ్మంలోనే నిలబడి, "ఈ మార్చికి మీ గడువు అయిపోతోందండీ. మళ్లీ నిలబడాలంటే ముప్పయ్యో తారీఖులోగా పేరు ఇవ్వాలి. నేను ఈ ఊరిలో ఉంటున్నానని సంతకం పెట్టాలి" అన్నాడు.

"నాకు తెలియదా ఆ సంగతి?"

"తెలుసని తెలుసు. మీరు ఉద్దేశం ఉందన్నారు. నేను నమ్మాను. అది చెప్పిపోదామనే వచ్చాను."

తిట్టినా బాగుండేది. నమ్మాడట.

యూనిస్ కూడా ఫోన్ చేసింది. "నువ్వు ఉందన్నావు, నేను రాసి కింద సంతకం చేశాను. నన్ను అబద్ధాలకోరుని చేయకే" అని పెట్టేసింది.

జనవరి 27

ఉత్తరపు గది తలుపు తీశాను. మూసేశాను.

నిలబడకపోతే ఏం? డెబ్బై దాటాయి. ఇంక చాలు అంటే ఎవరూ తప్పు పట్టరు. సంతకం పెట్టక్కర్లేదు, ఏ గదిలోకీ వెళ్లక్కర్లేదు. ఇదే మంచిది. ఇదే మంచిదని మూడుసార్లు అనుకున్నాను, మూడుసార్లు అనుకోవాల్సి వచ్చిందంటే ఏమిటో.

జనవరి 29, గురువారం

మధ్యాహ్నం ఎండ వచ్చింది. ఒక నిర్ణయానికొచ్చాను. ఆ గదిలో పడుకోవాల్సే వస్తే నా ఇష్టప్రకారం పడుకుంటాను. ముప్పై ఏళ్లు ఆయన మాట సాగింది, ఇప్పుడు కాదనేవాడు ఎవడూ లేడు. మంచం ఆ చలి కిటికీ కింద నుంచి లాగి, వెచ్చటి గోడకి ఆనించి వేసుకుంటాను.

లోపలికి వెళ్లాను. కళ్లద్దాలు తుడిచి డ్రాయరులో పెట్టాను. మంచం తోశాను. బరువు. ఇంకాస్త తోస్తే కోడు జంపఖానాకి తగిలి, అది ముడతలు పడి పైకి లేచింది. పెచ్చులు గుచ్చుకుంటే గుచ్చుకున్నాయని ఒక్క లాగుతో తీసేశాను.

చెక్కలు నున్నగా ఉన్నాయి. ఒక్క పెచ్చూ లేదు.

రాగి మేకులు ఉన్నాయి. కప్పుల మీద కొట్టే రాగి మేకులు, ఓరిన్ జేబుల్లో ఎప్పుడూ గలగలలాడేవి. నేల మీద వరసగా, జానెడుకొకటి, గది మూల నుంచి నడవా వైపు ఏటవాలుగా కొట్టి ఉన్నాయి. తలలు పచ్చబడిపోయాయి. ఎందుకు కొట్టాడో తెలియక వాటి పక్కనే చతికిలబడ్డాను. కప్పు మేకులు నేల మీద ఎందుకు? చెక్కలు కదులుతున్నాయా? చేత్తో అదిమి చూశాను, కదల్లేదు. వరస వెంట వేలు జరుపుతూ నడవా దాకా పాకాను. అక్కడ గుమ్మం చెక్క మీద నవంబర్‌లో డ్వైట్ తాడు కట్టిన గుర్తు ఇంకా ఉంది. ఆఖరి మేకు సరిగ్గా దాని కిందే ఉంది.

ఓరిన్‌కి తెలుసు.

తాడు లేకుండా, పుస్తకం లేకుండా, ఎవరికీ చెప్పకుండా నేను ఊరెళ్లినప్పుడు కొలిచి, మేకులు కొట్టి, మంచం ఎత్తి ఇవతల పెట్టాడు. నేను బోర్డుకి పేరు ఇచ్చే ముందు. గది చలిదని తెలిసి. తనకి చలి ఆగదని తెలిసి. వెచ్చటి గోడ లూమిస్‌ది కాబట్టి కిటికీ కింద వేశాడు. ప్రతి శీతాకాలం నేను తిడుతుంటే నాకు గాలి కావాలని పడి ఉన్నాడు, నెత్తి మీద ఉన్నిటోపీ పెట్టుకుని.

ఒక్క మాట చెప్పొచ్చు కదా మనిషీ. చెప్తే నేను నిలబడనని భయపడ్డావా? హద్దు మీద ఉన్నదాన్ని నాకెందుకీ గొడవ అనేదాన్ని, నిజమే. నా సంగతి నీకు తెలుసు. మరి మంచం సరైన చోటే ఉండగా డోనట్లు దేనికి? అది మాత్రం చాలాసేపు తెగలేదు. తరవాత అనిపించింది. తాడు ఇంట్లోకి వస్తే మంచం ఎక్కడని అడుగుతారు. నలుగురిలో నన్ను నిలబెట్టి ఎక్కడ పడుకుంటావని అడుగుతారు. ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగకూడదని ఏడేళ్లకోసారి నూనె కాచి చేతులు కాల్చుకున్నావు.

ఏడ్చాను. టక్కర్ గుమ్మంలోంచి చూస్తున్నాడు. తరవాత లేచి మంచాన్ని ఎక్కడి నుంచి తోశానో అక్కడికే మళ్లీ తోశాను. కిటికీ కిందికి.

జనవరి 30, శుక్రవారం

టౌన్ హాల్లో పేరు ఇచ్చాను. సంతకం పెట్టాను. నా వెనక వరసలో నిలబడి ఉన్న డ్వైట్ టోపీ తీశాడు. రోలండ్‌కి ఫోన్ చేసి టక్కర్‌కి లూమిస్ లైసెన్సు ఒకటి పంపమన్నాను. వాడు హద్దు దాటి రానంటున్నాడు, వంటింట్లోనే ఉన్నాడు.

నిన్న రాత్రి నీ టోపీ పెట్టుకుని పడుకున్నాను. కిటికీ సందులోంచి గాలి కొడుతూనే ఉంది. నేను నీ వైపు పడుకున్నాను. గాలి ముందు తగిలేది అటేనని ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా నాకు తెలియలేదు.